కట్టె, కొట్టె, తెచ్చె: ఇంగ్లీష్ సమ్మరీలో అసలు చిక్కు ఎక్కడుంది?

పదో తరగతి ఇంగ్లీష్ పేపర్లు దిద్దుతున్నాను. ఒక పద్యానికి సమ్మరీ రాయమన్న ప్రశ్న. మొదటి పేపర్లో 'ది పోర్ట్ సేస్' అని ఉంది. 'పొయెట్' అనబోయి 'పోర్ట్' అన్నాడు, పోనీలే అనుకుని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. రెండో పేపర్లోనూ పోర్టే. ఆరో పేపరుకి వచ్చేసరికి సంగతి అర్థమైంది. పిల్లలంతా కొన్న గైడులో అచ్చుతప్పు పడింది. కవి చెప్పాల్సిన మాట రేవు చెబుతోంది. క్లాసులో సగం మంది దాన్ని బట్టీ పట్టి, కామాలతో సహా దించేశారు. చిత్రం ఏమిటంటే, ఆ ఒక్క మాట తప్ప స్పెల్లింగ్ తప్పులు లేని జవాబులు అవే.

మన పిల్లల దృష్టిలో సమ్మరీ అంటే గైడులో పాఠం పేరు కింద ఉండే పేరా. దాన్ని కంఠతా పట్టాలి, పరీక్షలో అప్పజెప్పాలి. అది ఎవరో కూర్చుని తయారుచేసిన వస్తువని, తామూ తయారుచేయగలరని వాళ్లకు తోచదు. తోచేలా మేమూ చెప్పం. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ మాకూ ఉంటుంది కదా.

చిక్కు ఆ తరవాత మొదలవుతుంది. సీబీఎస్ఈ పదకొండో తరగతి ఇంగ్లీష్‌లో ఎప్పుడూ చూడని పాసేజ్ ఇచ్చి, నోట్స్ తీసి 50 మాటల్లోపు సమ్మరీ రాయమంటారు. సివిల్స్ మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీష్ అర్హత పేపరు ఉంటుంది. అందులో 75 మార్కులు ప్రెసీ రైటింగ్‌వే, ఇచ్చిన భాగాన్ని మూడో వంతుకు కుదించాలి. తెలుగుతో సహా భారతీయ భాషల పేపర్లోనూ 60 మార్కులు దానికే. పాసేజ్ కొత్తది కాబట్టి అక్కడ ఏ గైడూ ఆదుకోదు. పదో తరగతిలో నేర్చుకోని పని పాతికేళ్ల వయసులో మార్కులు కోసేస్తుంది.

మూడు రామాయణాలు

రామాయణాన్ని క్లుప్తంగా చెప్పమంటే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: కట్టె, కొట్టె, తెచ్చె. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. మూడే మాటలు. కథ తెలిసినవాళ్లు నవ్వుతారు. తెలియనివాళ్లకి ఎవరో అడవికెళ్లి కట్టెలు కొట్టి తెచ్చారనిపిస్తుంది. ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నవి అందులో లేవు.

రామాయణం మొత్తాన్ని ఒక్క శ్లోకంలో చెప్పే ఏకశ్లోకి కూడా ఉంది. అడవికి వెళ్లడం, బంగారు లేడి, సీతాపహరణం, జటాయువు మరణం, సుగ్రీవుడితో మాటలు... ఇలా సంఘటనలు వరసగా వచ్చేస్తాయి. ఏదీ తప్పు కాదు. కానీ రాముడు అసలు అడవికి ఎందుకు వెళ్లాడో ఆ శ్లోకం చెప్పదు.

మూడోది వాల్మీకి రామాయణంలోనే ఉంది. బాలకాండ మొదటి సర్గలో నారదుడు వాల్మీకికి కథంతా 100 శ్లోకాల్లో చెబుతాడు. దాన్నే సంక్షేప రామాయణం అంటారు. 24,000 శ్లోకాల గ్రంథానికి 100 శ్లోకాల సారాంశం. అక్కడ కైకేయి వరం ఉంది, తండ్రి మాట ఉంది, దానివల్ల వనవాసం ఉంది. సంఘటనకీ సంఘటనకీ మధ్య ముడి కనిపిస్తుంది.

ఈ మూడింటిలో ఏది మంచి సమ్మరీ అని అడిగితే పిల్లలు వెంటనే మూడోదంటారు. అంత తొందర అక్కర్లేదు. కథ తెలిసిన ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు కట్టె-కొట్టె-తెచ్చె చాలు. సంఘటనల వరస గుర్తుంచుకోవడానికి ఏకశ్లోకి బాగుంటుంది. కథ బొత్తిగా తెలియనివాడికి మాత్రం సంక్షేప రామాయణమే కావాలి. అంటే ఎంత కుదించాలన్నది తరవాతి సంగతి. ఎవరికోసం, దేనికోసం రాస్తున్నామో తేలితే నిడివి అదే తేలుతుంది. పరీక్షలో సమ్మరీని పాసేజ్ చదవని మనిషికి చెబుతున్నట్టు రాయాలి. ఈ ఒక్క ముక్క క్లాసులో చెప్పిన రోజు సగం జవాబులు బాగుపడటం నేను చూశాను.

తీసేయడం సులువు

సమ్మరీ రాసేటప్పుడు మనిషి బుర్రలో ఏం జరుగుతుందన్నదాని మీద ఆన్ బ్రౌన్, జీన్ డే అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 1983లో ఒక పత్రం ప్రచురించారు. ఐదో తరగతి పిల్లల నుంచి కాలేజీ విద్యార్థుల దాకా రాయించి చూశారు. వాళ్లు గుర్తించిన పనులు ఇవి. అనవసరమైనవి తీసేయడం. మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేయడం. వంకాయ, బెండకాయ, టమాటా అని వరసగా ఉంటే 'కూరగాయలు' అనడం. లేచాడు, స్నానం చేశాడు, బ్యాగు సర్దుకున్నాడు, బస్సెక్కాడు అని ఉంటే 'బడికి బయల్దేరాడు' అనడం. పేరాలో ముఖ్యమైన వాక్యం ఉంటే దాన్ని పట్టుకోవడం. అలాంటి వాక్యం లేకపోతే సొంతంగా ఒకటి తయారుచేయడం.

మొదటి రెండూ ఐదో తరగతి పిల్లలకే బాగా వచ్చాయి. చివరిది కాలేజీ వాళ్లకీ కష్టమైంది. ఇక చిన్నపిల్లలు చేసే పనికి ఆ పరిశోధకులు ఒక పేరు కూడా పెట్టారు: కాపీ-డిలీట్. వాక్యం చదవడం, ఉంచాలా తీసేయాలా అని చూడటం, ఉంచాలనుకున్నదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించడం. మా క్లాసులో నేను దీన్ని కత్తెర పని అంటాను.

కత్తెర పనికీ అసలు సమ్మరీకీ తేడా చూడాలంటే ఒక పాసేజ్ కావాలి. ఇది నేను క్లాసు కోసం రాసుకున్నదే, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను:

"కాకతీయుల కాలం నుంచి తెలంగాణ పల్లెల్లో చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకి చేరేవి. రామప్ప, పాకాల, లక్నవరం లాంటివి పెద్దవి. చిన్నవి ఊరూరా ఉండేవి. తూము ఎప్పుడు తెరవాలో నీరటి చూసుకునేవాడు. ఎండాకాలంలో రైతులు చెరువు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని బండ్లతో పొలాలకు తోలుకునేవారు. తరవాత బోర్లు వచ్చాయి. ఎవరి పొలంలో వాళ్లకి నీళ్లు దొరికాయి. మట్టి తీసేవాళ్లు లేక చెరువులు పూడుకుపోయాయి. చెరువుల్లో నీళ్లు నిలవకపోవడంతో భూమిలోకి ఇంకేది తగ్గింది. కొన్నేళ్లకి బోర్లూ ఎండిపోవడం మొదలైంది."

ఎక్కువమంది ఇలా రాస్తారు: "కాకతీయుల కాలం నుంచి చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. నీరటి తూము తెరిచేవాడు. తరవాత బోర్లు వచ్చాయి. చెరువులు పూడుకుపోయాయి. బోర్లు ఎండిపోయాయి." తప్పు వెతికితే దొరకడం కష్టం. కానీ ఇది ఏకశ్లోకి రామాయణం. ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టిన వాక్యాలు. బోర్లు రావడానికీ చెరువులు పూడటానికీ ఏమిటి సంబంధం? చెరువులు పూడితే బోర్లు ఎందుకు ఎండాలి? చదివినవాడికి తెలియదు.

కాస్త చురుకైనవాళ్లు ఇంకో రకంగా రాస్తారు: "ఈ పాసేజ్ చెరువుల గొప్పదనం గురించి చెబుతుంది. మన పూర్వీకులు చాలా తెలివైనవాళ్లు. మనమంతా చెరువులను కాపాడుకోవాలి." కాపాడుకోవాల్సిందే, కాదనను. కానీ ఆ మాట పాసేజ్‌లో ఎక్కడుంది? చివర నీతి చెప్పకపోతే మార్కులు రావన్న భయం మన పిల్లల్లో ఎంత లోతుగా ఉందంటే, కరెంటు బిల్లుకి సమ్మరీ రాయమన్నా చివర పొదుపు గురించి రెండు వాక్యాలు చేర్చేస్తారు.

పాసేజ్‌లో అసలు విషయం ఏమిటి? బోర్లు ఉన్నాయి కదా అని చెరువుల్ని వదిలేశారు, తీరా ఆ బోర్లకు నీళ్లిచ్చింది ఆ చెరువులే. గమనించండి, ఈ వాక్యం పాసేజ్‌లో లేదు. అన్ని వాక్యాలూ కలిసి దాన్ని చెబుతున్నాయి కానీ ఏ ఒక్కటీ విడిగా చెప్పడం లేదు. కత్తెర ఎంత పదునుగా ఉన్నా లేని వాక్యాన్ని కత్తిరించి తీయలేదు. కాలేజీ విద్యార్థులకీ కష్టమైంది సరిగ్గా ఇదే పని.

నేను రాసింది ఇది: "ఊరంతా కలిసి చూసుకున్నంత కాలం గొలుసుకట్టు చెరువులు తెలంగాణ పల్లెలకు నీళ్లిచ్చాయి. బోర్లు వచ్చాక చెరువుల్ని వదిలేశారు. కానీ బోర్లకు నీరందించేది ఆ చెరువులే కాబట్టి చివరికి రెండూ ఎండిపోయాయి." బోర్డు మీద రాసి గర్వంగా వెనక్కి తిరిగాను. మూడో బెంచీ నుంచి ఒకమ్మాయి, "సార్, ఎండిపోవడం మొదలైందని కదా ఉంది?" అంది. నిజమే. పాసేజ్ 'మొదలైంది' అంటే నేను 'ఎండిపోయాయి' అన్నాను. చెరువుల గురించైతే ఎండాయని అసలు లేదు, పూడాయని ఉంది. కుదించే ఊపులో 'కొందరు' అన్నది 'అందరూ' అయిపోతుంది, 'కావచ్చు' అన్నది 'అయింది' అయిపోతుంది. చివరి వాక్యాన్ని "బోర్లూ ఎండటం మొదలైంది" అని దిద్దాను.

రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు పోయాయి. అవి ఉదాహరణలు, పోయినా విషయం నిలబడుతుంది. 'గొలుసుకట్టు' మాత్రం ఉంచాను. సొంత మాటల్లో రాయమన్నారు కదా అని పిల్లలు దానికీ పర్యాయపదం వెతుకుతారు, అక్కర్లేదు. అది ఆ వస్తువు పేరు. పేర్లను మార్చకూడదు, వాక్యాలను మార్చాలి.

ఉప్పు, కర్పూరం

ఉదాహరణేదో, విషయమేదో తేల్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. వేమన చెప్పిన ఉప్పు-కర్పూరం పద్యం మూడో తరగతి పిల్లాడికీ వచ్చు. ఆ పద్యం దేని గురించి అని అడిగితే ఉప్పు గురించి అని ఎవరూ అనరు. మనుషుల గురించి అంటారు. తెలుగు పీరియడ్‌లో ప్రతిపదార్థం వేరు, తాత్పర్యం వేరు అని ఎప్పటినుంచో నేర్పుతున్నాం. ప్రతిపదార్థంలో మాటకి మాట అర్థం, తాత్పర్యంలో మొత్తం మీద కవి ఏమంటున్నాడన్నది. ఇంగ్లీష్ పీరియడ్ గంట కొట్టగానే ఈ చదువంతా ఎటుపోతుందో తెలియదు. అక్కడ పద్యానికి సమ్మరీ రాయమంటే పాదానికొక వాక్యం చొప్పున ప్రతిపదార్థం రాసిస్తారు.

దీనికి భాష కూడా ఒక కారణం. తెలుగులో మనం "వెళ్లి, చూసి, మాట్లాడి, వచ్చాడు" అంటాం. ఒక్క వాక్యం, చివర ఒక్క పూర్తి క్రియ. మూడు పనులు దానికింద చక్కగా ఒదిగిపోతాయి. ఇంగ్లీష్‌లోకి వెళ్లగానే పిల్లాడు నాలుగు క్రియలు రాసి మధ్యలో మూడు 'అండ్'లు పెడతాడు. ఏది ముఖ్యమైన పని, ఏది దానికి కారణం, ఏది దాన్ని అడ్డుకుంది అన్నది 'అండ్' చెప్పదు. 'బికాజ్', 'ఆల్దో', 'అంటిల్', 'బట్' చెబుతాయి. అందుకే నేను ఒక షరతు పెడతాను: మూడు వాక్యాల సమ్మరీలో కనీసం రెండు చోట్ల వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ షరతు పాటించాలంటే ముందు పాసేజ్‌లో కారణం ఎక్కడుందో వెతకాల్సిందే. వ్యాకరణం పాఠంలా కనిపించినా ఇది చదివించే ఉపాయం.

ఇంకొకటి, 'అట'. "చెరువులు పూడుకుపోయాయట" అంటే చాలు, ఈ మాట నాది కాదు, ఎవరో చెప్పారని తెలిసిపోతుంది. ఇంత పొదుపైన మాట ఇంగ్లీష్‌లో లేదు. అక్కడ 'ది ఆథర్' అని మొదలుపెట్టి ఒక క్రియ వెతుక్కోవాలి. పిల్లలకు తెలిసిన క్రియ 'సేస్' ఒక్కటే. రచయిత వాదిస్తుంటే 'ఆర్గ్యూస్', ఒప్పుకుంటుంటే 'అడ్మిట్స్', హెచ్చరిస్తుంటే 'వార్న్స్', ఊరికే వర్ణిస్తుంటే 'డిస్క్రైబ్స్'. ఈ నాలుగూ నేర్పితే చాలా మార్పు వస్తుంది. ఎందుకంటే వీటిలో ఒకటి ఎంచుకోవాలంటే, రచయిత అక్కడ ఏం చేస్తున్నాడో తేల్చుకోవాలి.

పాసేజ్‌లోని వాక్యాన్నే తీసుకుని రెండు మాటలు మార్చి రాసే అలవాటు గురించి తల్లిదండ్రులు తరచూ కాపీ అని కోప్పడతారు. రెబెకా మూర్ హోవార్డ్ అనే అమెరికన్ ఆచార్యురాలు 1990లలో దీనికి 'ప్యాచ్‌రైటింగ్' అని పేరు పెట్టారు. భాష పూర్తిగా పట్టుబడని విద్యార్థి దాటే ఒక దశగా దీన్ని చూడాలని, వెంటనే దొంగతనం కింద జమకట్టకూడదని ఆమె వాదన. నాకూ అదే నిజమనిపిస్తుంది. చేతిలో వంద మాటలు ఉన్నవాడు సొంతంగా ఎంతని రాస్తాడు? దానికి నేను వాడే మందు తెలుగే. "సినిమా స్టోరీ ఏంట్రా?" అని అడిగితే రెండు ముక్కల్లో చెప్పగలిగిన పిల్లాడు పాఠం గురించీ చెప్పగలడు. ముందు పుస్తకం మూసి తెలుగులో నోటితో చెప్పాలి, ఆ తరవాతే ఇంగ్లీష్‌లో రాయాలి. ఇంగ్లీష్ క్లాసులో తెలుగు మాట్లాడిస్తున్నానని ఒకసారి ఫిర్యాదు కూడా వెళ్లింది. అయినా మానలేదు.

చదువుకోవడానికి పనికొస్తుందా, రాదా?

ఇక్కడ పరిశోధనలు చదివినవాళ్లకి ఒక అనుమానం వస్తుంది. 2013లో జాన్ డన్లోస్కీ బృందం పది రకాల చదువు పద్ధతులను పరిశీలించి ఒక పెద్ద సమీక్ష రాసింది. అందులో సమ్మరీ రాయడానికి 'తక్కువ ఉపయోగం' అనే గ్రేడు ఇచ్చారు. హైలైటర్‌తో గీతలు గీయడం, చదివిందే మళ్లీ చదవడం కూడా ఆ వరసలోనే ఉన్నాయి. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడగొట్టుకోవడం పైవరసలో నిలిచాయి. మరోవైపు 2007లో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ 4 నుంచి 12 తరగతుల రాత బోధన మీద ఒక నివేదిక ఇచ్చారు. బాగా పనిచేసిన పదకొండు పద్ధతుల్లో సమ్మరీ నేర్పడం పై స్థానాల్లో ఉంది.

పైకి పొంతన కుదరదు. దగ్గరికెళితే కుదురుతుంది. రెండో నివేదిక అడిగిన ప్రశ్న: సమ్మరీ ఎలా రాయాలో పద్ధతిగా నేర్పితే రాత మెరుగవుతుందా? మొదటిది అడిగింది: చదువుకునే ఉపాయంగా ఇది అందరికీ పనికొస్తుందా? బాగా రాయడం వచ్చినవాళ్లకే లాభం, మిగతావాళ్లకి ముందు చాలాకాలం శిక్షణ కావాలి అన్నదే డన్లోస్కీ బృందం ప్రధాన అభ్యంతరం. అంటే ఆ తక్కువ గ్రేడు నిజానికి కత్తెర పనికి వచ్చింది. ఈత రానివాణ్ణి చెరువులో దించి, ఈత వల్ల లాభం లేదనలేం కదా.

దీనికి తోడు పుస్తకం తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది చాలా పెద్ద తేడా. తెరిచి పెట్టుకుని రాస్తే చెయ్యి పనిచేస్తుంది. మూసి రాస్తే అది ఆ సమీక్షలో పైవరసలో నిలిచిన పద్ధతే, తనకు తాను పెట్టుకున్న పరీక్ష. కీత్ థీడ్, మేరీ ఆండర్సన్ 2003లో ఇంకో సంగతి చూపించారు. చదివిన వెంటనే సమ్మరీ రాసినవాళ్ల కంటే కొంత ఆగి రాసినవాళ్లు, తమకు ఏ పాఠం అర్థమైందో ఏది కాలేదో మెరుగ్గా అంచనా వేయగలిగారు. చదివిన వెంటనే మాటలు ఇంకా చెవిలో మోగుతుంటాయి, అంతా వచ్చేసినట్టే ఉంటుంది. కాసేపాగితే మాటలు జారిపోయి, అర్థమైనది మాత్రమే మిగులుతుంది. ఏమీ మిగలకపోతే అదీ తెలుస్తుంది.

కాబట్టి నేను చెప్పే పద్ధతి చాలా మామూలుది. సాయంత్రం పాఠం చదవాలి, గీతలు గీయొద్దు. పొద్దున పుస్తకం మూసి అయిదారు వాక్యాలు రాయాలి. తరవాత పుస్తకం తెరిచి, వేరే రంగు పెన్నుతో తప్పులు దిద్దాలి, వదిలేసినవి చేర్చాలి. పరీక్ష ముందు రోజు ఆ రెండో రంగు చదివితే చాలు, మొదటి రంగులో ఉన్నది ఎలాగూ వచ్చినదే. అన్నిటికీ ఇది చేయనక్కర్లేదు. వొకాబ్యులరీకి, గ్రామర్ రూల్స్‌కి సమ్మరీ ఏముంటుంది, అభ్యాసమే దిక్కు.

ఇప్పుడు ఫోనుకి ఫొటో తీసి ఇస్తే అరనిమిషంలో సమ్మరీ వస్తుంది, మంచి ఇంగ్లీష్‌లో వస్తుంది, పోర్ట్ పొయెట్ తికమక ఉండదు. గైడు చేసిన పనినే ఫోను ఇంకా నున్నగా చేస్తోంది: ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం పిల్లాడి చేతిలోంచి తీసేసుకుంటోంది. తను ముందు రాసుకుని, తరవాత ఫోనుది పక్కన పెట్టుకుని, అది ఉంచినది నేనెందుకు వదిలేశాను అని చూసుకుంటే మాత్రం మంచి పనే. పదో తరగతి పిల్లాడు ఆ వరసలో చేస్తాడని నాకు పెద్ద నమ్మకం లేదు.

పోర్ట్ అని రాసినవాళ్లలో ఒకణ్ణి తరవాత స్టాఫ్‌రూమ్‌కి పిలిచి చెరువుల పాసేజ్ చదివించాను. పుస్తకం మూసి ఏముందో చెప్పమన్నాను, తెలుగులోనే. కాసేపు కిటికీలోంచి చూసి, "బోరు తాగింది చెరువు నీళ్లే సార్. చెరువును వదిలేసినాక దానికి మాత్రం యాడనుంచి వస్తయ్?" అన్నాడు. ఇప్పుడు దీన్నే ఇంగ్లీష్‌లో రాయమన్నాను. 'బికాజ్' ముందు పెట్టాలా, మధ్యలో పెట్టాలా అన్న దగ్గర ఆగాడు. రెండు రకాలుగానూ రాసి కొట్టేశాడు. మూడోసారి రాస్తుండగా గంట కొట్టారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిగతాది రేపు రాస్తా సార్ అని వెళ్లాడు.